పేరు పక్కన చుక్క

"సంతకమే కదా అమ్మాయ్. ఆస్తేమైనా రాసిమ్మన్నామా?"

పొద్దున లేచింది మొదలు అత్తగారిది అదే మాట. ముందు కోడలి మొహం చూసి అన్నారు. తర్వాత కొడుకు మొహం చూసి అన్నారు. ఇప్పుడు ఎవరి మొహమూ చూడకుండా, వంటింటి కిటికీకి చెబుతున్నట్టు అన్నారు.

ఆ కోడలే ఈ ఇంటి వదిన. చేతిలోని గిన్నెను ఇంకోసారి తోమింది. అది అప్పటికే తళతళలాడుతోంది.

"ఆస్తి అయితే నయమే అత్తయ్యా. చెరిసగం చేసుకునేవాళ్లం."

"చదువు పంచుకుంటే తరగదంటారుగా."

"చదువు తరగదు. వ్యాసం అలా కాదు. ఒక వ్యాసం ఒక్కళ్ల సిద్ధాంత గ్రంథంలోనే ఉండాలి. అది యూనివర్సిటీవాళ్ల రూలు."

"ఏం రూలో ఏమో. ఇద్దరు వండితే ఒక్కళ్లే తినాలట."

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న భర్త తల ఎత్తలేదు. లేసు ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. బజారు మలుపులో ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే ఆయన వృత్తి. ఇంట్లో మాత్రం ఈ వారమంతా ఆయన చూపు గచ్చు మీంచి లేవలేదు.

డాక్టరేటుకు మూడు వ్యాసాలు కావాలి. వాటిలో రెండు, పరిశోధన పత్రికల్లో అచ్చయి ఉండాలి. మూడోది పంపి ఉంటే చాలు. వదినకు ఒకటి అచ్చయింది. ఒకటి పత్రికవాళ్ల దగ్గర నలుగుతోంది. మిగిలింది, ఈ గొడవంతా తెచ్చిపెట్టింది, పాత ఇటుకల్లో తడి పాకడం మీద తనూ ఆడపడుచూ కలిసి రాసి, ఇప్పటికే అచ్చయినది. అందులో ఇద్దరి పేర్ల పక్కనా చుక్క గుర్తు ఉంటుంది. చుక్క ఉన్న ఇద్దరి శ్రమా సమానమని అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. శ్రమ సమానమైనా వాడుకునే హక్కు ఒక్కళ్లదే. రెండోవాళ్లు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి.

ఆడపడుచుకు మంచి ఉద్యోగం ఖాయమైంది. పట్టా చూపిస్తేనే చేర్చుకుంటారు. వదినకు ఈ టర్ముతో నమోదు గడువు తీరిపోతుంది. మామగారు మంచాన పడి కన్నుమూసిన ఏడాది ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించరు.

"నీ చేత్తో నువ్వే దాని పేరు ముందు రాశావు కదమ్మా," అన్నారు అత్తగారు, ఈసారి మెత్తగా. "ముందున్నవాళ్లదే కదా మరి."

కాదనడానికి ఏముంది? ఎవరి పేరు ముందు పెడదామని ఇద్దరికీ గైడైన మేడమ్ అడిగినప్పుడు, 'మా పిచ్చుకది పెట్టండి మేడమ్, చుక్క ఉందిగా, నాదెక్కడుంటే ఏముంది' అన్నది తనే. పిచ్చుక అంటే ఆడపడుచు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని చిన్నప్పుడు మామగారు పెట్టిన పేరు. ఈ ఇంట్లో ముందు పిచ్చుక కంచంలో వడ్డించి, ఆ తర్వాత తన కంచం పెట్టుకోవడం కాపురానికి వచ్చిన నాటి నుంచీ వదినకు అలవాటు. ఆ రోజు పేర్లనూ అలాగే వడ్డించింది.

"ఏమండీ," అంది, చేతులు తుడుచుకుంటూ. "మీరేమీ అనరా?"

"నేనేమంటాను? మీ చదువుల సంగతి నాకేం తెలుసు."

"చదువు సంగతి కాదు. నా సంగతి అడుగుతున్నాను."

ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"ఇవాళ మేడమ్ దగ్గరికి వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను."

"ఊఁ," అన్నాడు. ఇంకేదో అనబోయినట్టు గుమ్మంలో ఓ క్షణం ఆగాడు. అనకుండానే వెళ్లిపోయాడు.

*

డిపార్టుమెంటులో కూడా ఆమె వదినే. చేరిన కొత్తలో వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పిచ్చుక వేసిన "వదినా" అన్న కేక అందరి చెవినా పడింది. అప్పటి నుంచి తనకంటే పదేళ్లు చిన్నవాళ్లూ, వాళ్లకు పాఠాలు చెప్పేవాళ్లూ కూడా అలాగే పిలుస్తున్నారు. ఇంతమందికి వదిన అయింది గాని, మధ్యాహ్నం డబ్బా విప్పుకుని పక్కన కూర్చుందామంటే ఒక్క మనిషి లేదు. వాళ్ల కబుర్లు వేరు. ఆమె వస్తే లేచి కుర్చీ ఇస్తారు. కుర్చీ ఇచ్చాక నెమ్మదిగా మాటలు ఆపేస్తారు.

మేడమ్ తన గదిలో కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నారు. ఆవిడ కళ్లజోడు ఒక కాడ విరిగింది. దారం కట్టి చెవికి తగిలించుకున్నారు.

"రామ్మా రా. కూర్చో. నీ మనసు ఇంత పెద్దదని తెలుసు గానీ, ఇంతకి ఒప్పుకుంటావని మాత్రం అనుకోలేదు."

వదిన కూర్చోబోతున్నదల్లా కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంతకి మేడమ్?"

"అదేనమ్మా, ఆ వ్యాసం. మొన్న ఈ జోడు చూపిద్దామని మీవారి దుకాణానికి వెళ్లాను. కొత్త ఫ్రేము పెట్టి చూస్తూ ఆయనే చెప్పారు. ఇంట్లో మాట్లాడుకున్నారటగా. నువ్వు వదులుకుంటానన్నావట. నాతో చెప్పడానికి మొహమాటపడి ఆయన్ని చెప్పమన్నావట." మేడమ్ నవ్వారు. "నాతో మొహమాటమేంటమ్మా నీకు?"

వదిన కూర్చుంది. కూర్చోకపోతే కుర్చీ వీపు చేతిలోకి ఊడి వచ్చేలా ఉంది.

"నిజం చెప్పాలంటే నా ప్రాణం తేలికపడింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. నువ్వు ఇటుకలు తడపకపోతే దాని లెక్కలు లేవు. అది లెక్క కట్టకపోతే నీవి ఉత్త ఇటుకలు. మీరు తేల్చుకోకపోతే కమిటీకి వెళ్లేది. కమిటీవాళ్లు చుక్కలు చూడరు, ముందు ఎవరి పేరుందో చూస్తారు. నువ్వు నెగ్గుతావని నేను చెప్పలేకపోయేదాన్ని."

"మరి నా గడువు మేడమ్?"

మేడమ్ దారం సర్దుకున్నారు.

"నీ మూడోది ఈలోపు అచ్చుకి ఒప్పుకుని, నువ్వు ఇంకొకటి రాసి పంపగలిగితే సరే. లేకపోతే మళ్లీ నమోదు చేసుకోవచ్చు."

"మొదటి నుంచీనా?"

"మొదటి నుంచే." ఆవిడ గొంతు తగ్గింది. "అది ఆలోచించే ఒప్పుకుని ఉంటావు కదమ్మా?"

ఒక్క మాట చాలు. 'నేను అనలేదు.' కానీ దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. 'మా ఆయన మీతో అబద్ధం చెప్పాడు.' మొదటి మాట పెదవి దాకా వచ్చింది. రెండో మాట దాన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పదిహేనేళ్ల కాపురంలో ఆయన గురించి పై మనిషితో ఆమె ఎప్పుడూ చెడ్డ మాట అనలేదు. ఎలా అనాలో కూడా తెలియదు.

మేడమ్ కాగితం ముందుకు జరిపారు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఇప్పుడే పెట్టేస్తావా?"

"ఇంటికి తీసుకెళ్తాను మేడమ్."

"సరే. రేపు సాయంత్రంలోగా ఆఫీసుకి వెళ్లాలి. పొద్దున నేను కొత్త జోడు తెచ్చుకోవడానికి మీ దుకాణానికే వస్తాను. మీవారితో పంపినా సరే."

*

ఇటుకల గది మెట్ల కింద ఉంటుంది. కూల్చేసిన పాత ఇళ్ల నుంచి తెచ్చిన ఇటుకలు. పక్కలకు మైనం పూసి, లోతు తక్కువ పళ్లాల్లో వేలెడు నీటిలో నిలబెట్టి ఉంటాయి. అడుగు నుంచి తడి పైకి ఎంత వేగంగా పాకుతుందో చూడాలి. ఒక్కోటి తీసి, అడుగున తడి గుడ్డతో అద్ది, తక్కెడ మీద పెట్టి, బరువు రాసి, మళ్లీ నీళ్లలో నిలబెట్టాలి. ఇటుక నీళ్లు తాగుతున్నట్టు పైకి కనపడదు. తక్కెడకే తెలుస్తుంది.

వదిన తలుపు దగ్గరగా వేసి స్టూలు మీద కూర్చుంది. ఫోను తీసింది. ఎవరికి చెయ్యాలి? అమ్మ లేదు. అన్నయ్యకు చేస్తే 'సర్దుకుపోవాలమ్మా' అంటాడు. ఆ మాటకు ఫోను దేనికి, తనే అనుకోవచ్చు.

ఫోనులో పత్రికవాళ్లు పంపిన అభిప్రాయం తెరిచింది. చాలాసార్లు చదివిందే. మూడో వ్యాసం చదివిన ఇద్దరిలో రెండో సమీక్షకుడు ఎవరో గానీ పేజీల కొద్దీ తప్పులు పట్టాడు. ఫలానా పేజీలో ఫలానా పట్టిక కింద అంకె పొరపాటు పడింది అన్నాడు. ఉప్పునీటితో కూడా చేసి చూస్తే బాగుండేది అన్నాడు. నాలుగో భాగంలో ఒక వాక్యం దగ్గర మాత్రం, ఇది స్పష్టంగా చెప్పారు, ఇంతకుముందు ఎవరూ ఇలా చెప్పగా చూడలేదు, అని రాశాడు.

ఆ వాక్యం రాసిన రోజు ఇంట్లో చదివి వినిపిస్తే, బాగుందని భర్త తల ఊపాడు. చూపు టీవీ మీద ఉంది. ఆమె రాసిన ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా చదివిన మనిషి ప్రపంచంలో ఒక్కడున్నాడు. ఆడో మగో కూడా తెలియదు. పేరు చెప్పకూడదన్నది అక్కడ రూలు.

తలుపు తోసుకుని పిచ్చుక వచ్చింది.

"నీ ఇటుకలకి పోసే నీళ్లలో సగమైనా నువ్వు తాగవు కదా వదినా. పెదాలు చూడు ఎలా ఎండిపోయాయో. ఇందా." నీళ్ల సీసా చేతిలో పెట్టి, పళ్లాల బల్ల అంచున కూర్చుంది. "పొద్దుటి నుంచీ నీ తలుపు దాకా వచ్చి వెనక్కి పోతున్నాను. మాటలు వెతుక్కోవడం నాకేంటో కొత్తగా ఉంది."

"బల్ల మీంచి దిగు. నీళ్లు కదుల్తాయి."

పిచ్చుక దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్య చెప్పాడు. నువ్వే ఇచ్చేస్తానన్నావని. నాతో ఎందుకు చెప్పలేదు వదినా? ఒకే ఇంట్లో ఉంటూ అన్నయ్య నోట వినాల్సి వచ్చింది."

వదిన నీళ్లు తాగింది. సీసా మూత పెట్టడానికి ఎక్కువసేపు పట్టింది.

"నీ మూడో వ్యాసం ఎంతదాకా వచ్చింది?" అంది.

"సగం. కదలకుండా కూర్చుంటే రెండు నెలల్లో పంపేయొచ్చు. నావి రెండు ముందే అచ్చయ్యాయిగా, అది పంపితే చాలు, నాకు ఇదక్కర్లేదు కూడా. ఆ రెండు నెలలు ఉద్యోగంవాళ్లు ఆగరుగా."

"ఆగరని చెప్పారా?"

"లేదు."

"అడిగావా?"

పిచ్చుక గోడ వైపు తిరిగింది. "అడగలేదు. అడిగితే ఇంకొకళ్లని చూసుకుంటామంటారని భయం. ఎంతమంది వచ్చారో తెలుసా ఆ ఒక్క కుర్చీకి?" గోడ పెచ్చు గిల్లుతూ అంది. "అమ్మ నిన్ను సాధిస్తుంటే నా గదిలో కూర్చుని వింటూనే ఉన్నాను వదినా. బయటికొచ్చి ఆపాలి కదా. ఆపలేదు. నాక్కావలసిందే అమ్మ అడుగుతోందిగా, అందుకని. నువ్వే ఇస్తానన్నావని తెలిశాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నీ దగ్గర లాక్కున్నట్టయితే ఆ ఉద్యోగంలో నేను ఒక్క రోజు కూడా కూర్చోలేను."

ఇప్పుడు చెప్పాలి. తలుపు మూసి ఉంది, ఉన్నది ఇద్దరే. వదిన నోరు తెరిచింది. ఎదురుగా ఆ మొహం ఉంది. చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి తన ఒళ్లో వాలిన మొహం. చెబితే ఊపిరి పీల్చుకున్నదల్లా మళ్లీ బిగబట్టుకుంటుంది.

"బరువు చూసే వేళయింది," అంది. "నేను చెబుతాను, రాస్తావా?"

పిచ్చుక పెన్ను తీసుకుంది. వదిన ఇటుక ఎత్తి, అడుగున అద్ది, తక్కెడ మీద పెట్టి అంకె చెప్పింది. పిచ్చుక రాసింది. వ్యాసం రాసే రోజుల్లో ఇలాగే చేసేవాళ్లు. అప్పుడు పిచ్చుక అంకెకు అంకెకు మధ్య పది కబుర్లు చెప్పేది. ఇవాళ అంకెలు తప్ప ఆ గదిలో ఇంకో మాట లేదు.

చివరి ఇటుక నీళ్లలో పెట్టాక పిచ్చుక అడిగింది. "కాగితం మీద సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదు."

"పెడతావుగా?"

వదిన తడి గుడ్డ పిండి తాడు మీద ఆరేసింది.

*

రాత్రి భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. నలుగురూ ఒకేసారి కూర్చోవడం ఆ ఇంట్లో అరుదు. అత్తగారే పట్టుబట్టారు. ఉద్యోగం వచ్చిన పిల్లతో కలిసి తినాలన్నారు.

వదిన అలవాటుగా గరిటె పిచ్చుక కంచం వైపు చాచింది. దారిలోనే ఆగింది. గిన్నెను బల్ల మధ్యలో పెట్టేసి, గరిటె అందులో వదిలేసింది.

"ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోండి."

అత్తగారు కోడలి వంక వింతగా చూశారు. భర్త గిన్నె వంక చూశాడు.

"ఏమండీ. మేడమ్‌తో మీరేం చెప్పారు?"

ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"నేను చెప్పమన్నానని చెప్పారట. మొహమాటపడుతున్నానని కూడా చెప్పారట. నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడు అన్నం ముందు ఎందుకు?"

"అన్నం ముందు అయితేనే మీరు లేచి వెళ్లరు."

పిచ్చుక చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అన్నయ్యా?"

"ఎవరో ఒకళ్లు చెప్పాలి కదా," అన్నాడాయన, గ్లాసుతో మాట్లాడుతున్నట్టు. "రోజూ అమ్మ ఒక పక్క, నువ్వు ఒక పక్క. ఆవిడ దుకాణానికి వచ్చింది, ఇంట్లో ఎలా ఉన్నారని అడిగింది. నోట్లోంచి వచ్చేసింది. అయినా నువ్వెలాగూ ఇచ్చేస్తావని నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. నువ్వు ఎప్పుడు కాదన్నావు గనక?"

"అంత తెలిసినప్పుడు నన్నొక మాట అడగడానికేం?"

ఆయన గ్లాసు నోటి దగ్గరికి ఎత్తాడు. అందులో నీళ్లు అయిపోయాయి.

అత్తగారు కొడుకు వైపు మొత్తంగా తిరిగారు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా తీసుకోవడం ఎక్కడ నేర్చుకున్నావురా అబ్బాయ్? నేను సాధించాను. నా కూతురి కోసం సాధించాను, ఇంకా సాధిస్తాను. కానీ కోడలి మొహం మీదే సాధించాను. దాని వెనకాల దాని నోటితో మాట్లాడలేదు."

"నీ కోసమే కదమ్మా."

"నా మీద పెట్టకు."

వీధిలో ఎవరిదో బండి ఎంతకీ స్టార్టు కాక దగ్గుతోంది.

అత్తగారు కోడలి వైపు తిరిగారు. ఈసారి కిటికీకి కాదు, ఆమెకే చెప్పారు.

"పోనీ, ఇప్పుడు నేను అడుగుతున్నాను అమ్మాయ్. వాడు అడగలేదు. నేనూ సరిగ్గా అడగలేదు. అది నీ చేతుల్లో పెరిగిన పిల్ల. ఇస్తావా?"

అది మామూలు ప్రశ్నే. ఇంతమందిలో ఒక్కరైనా ఇలా అడిగితే చాలని వారం రోజులుగా ఎదురుచూసింది. తీరా అడిగాక, అందరి మొహాలూ జవాబు ముందే తెలిసినట్టు తన మీద ఆనాయి. ఔనంటే ఈ బల్ల చుట్టూ మళ్లీ నవ్వులు వస్తాయి. ఔనన్న మనిషి మాత్రం రేపు మెట్ల కింద గదిలో, మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిన ఇటుకల మధ్య, ఒక్కతే కూర్చుంటుంది. కాదంటే కమిటీ. అక్కడ ఓడితే ఇల్లూ పోతుంది, వ్యాసమూ పోతుంది.

"ఔనో కాదో ఇప్పుడు చెప్పను అత్తయ్యా," అంది. "నేను చెప్పకముందే ఒక జవాబు నా పేరు మీద బయట తిరుగుతోంది. ముందు దాన్ని వెనక్కి తేవాలి. అప్పుడు నాదేదో నేను చెబుతాను."

చేతి సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద, గిన్నె పక్కన పెట్టింది.

"రేపు పొద్దున మేడమ్ కొత్త జోడు కోసం దుకాణానికి వస్తున్నారు కదా. నేనూ వస్తాను. ఏ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారో అక్కడే కూర్చోబెట్టి, నేను అనలేదని మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను."

"దుకాణంలోనా?" భర్త మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "పనివాళ్లుంటారు. వచ్చేపోయేవాళ్లుంటారు."

"మొన్న కూడా ఉండే ఉంటారు."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. లేవలేదు.

పిచ్చుక కంచం పక్కకు నెట్టి, కాగితం తన వైపు తిప్పుకుంది. చుక్కలున్న రెండు పేర్ల మీద వేలు పెట్టి, మొదటిది, తర్వాత రెండోది, మెల్లగా చదివింది. వేలికంటిన కూర మరక రెండు పేర్ల మధ్యా అంటింది.

"రేపు నేనూ వస్తాను," అంది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పిడికిట్లో పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎవరి పక్కన నిలబడటానికి వస్తున్నావని ఎవరూ అడగలేదు.